ఈ బుధవారం ఎవరింట్లో

జనవరి 3

ఈ డైరీ ఎరువుల దుకాణంవాళ్ళు కృపాకర్ అన్నకు ఇచ్చింది. ప్రతి పేజీ కింద రైతులకు ఒక సలహా అచ్చు వేశారు. అన్నకు పొలం లేదు. చేవెళ్లలో మోటార్లు రిపేరు చేసే షాపు ఉంది. ప్రియ వదిన దీన్ని నా చేతిలో పెట్టి, "ఊకె కూసుంటే మనసు కరాబైతది జ్యోతీ, ఏదన్న రాసుకో" అంది. నేను ఊరికే కూర్చోలేదు. అప్పటికే అంట్లు తోమి, పిల్లల బట్టలు ఉతికి, మేడ మీద ఆరేసి దిగుతున్నాను. అయినా తీసుకున్నాను.

రాయడానికి ఏమీ లేదు. ఇక్కడికి వచ్చి నలభై మూడు రోజులైంది. నేను లెక్కపెట్టలేదు, క్యాలెండర్ ఎదురుగానే ఉంది.

ఈ రోజు సలహా వంగ నారుమడి గురించి.

జనవరి 5

అన్న మళ్ళీ అడిగాడు.

"కొట్టిండా?"

లేదు.

"తాగుతడా?"

లేదు.

"ఇంకో ఆమెనేమన్న పెట్టుకున్నడా?"

లేదనే అనుకుంటున్నాను.

"మరింకేందే?"

పాస్టరు గారూ ఇవే ప్రశ్నలు ఇదే వరసలో అడిగారు. మేనత్త కూడా. ఈ మూడింటికీ లేదు అనే జవాబు వస్తే మొగుడు మంచివాడని తేలినట్టే. నేను కాదనడం లేదు.

జనవరి 17

ఒకసారి రాసి పెడితే మళ్ళీ మళ్ళీ తలుచుకోవాల్సిన పని ఉండదు.

మా ఆయన ఆనంద్ బాబు ప్లాట్లు అమ్మిస్తాడు. (ఇక్కడైతే పేరు రాసుకోవచ్చు. ఎదురుగా ఎప్పుడూ పిలవలేదు.) ఎక్కడ వెంచర్ వేస్తే ఇల్లు అక్కడికి మారుస్తాడు. తొమ్మిదేళ్ళలో శంకర్‌పల్లి, కొండకల్, మళ్ళీ శంకర్‌పల్లి, ఆ తర్వాత మొయినాబాద్. మధ్యాహ్నం భోజనానికి వచ్చి, చేయి కడుక్కుంటూ, "సామాన్లు కట్టు, బండి వస్తున్నది" అంటాడు. ఎక్కడికని అడిగితే చెప్తాడు. విసుక్కోకుండానే చెప్తాడు. అడగకపోతే బండి ఆగినప్పుడు తెలుస్తుంది. రెండోసారి శంకర్‌పల్లి వెళ్ళేటప్పుడు నేను అడగలేదు, చూద్దామని.

నవంబరులో అమ్మ జ్ఞాపకార్థ కూడికకని చేవెళ్ల వచ్చి, రెండు రోజులు ఉండి మొయినాబాద్ తిరిగి వెళ్ళాను. తలుపుకు వేరే తాళం. కిటికీలోంచి చూస్తే ఎవరివో పరుపులు. పక్కింటామె బకెట్ పట్టుకుని బయటికి వచ్చి, "నిన్ననే కనకమామిడికి పోయిండ్రు గదా, నీకు తెల్వదా?" అంది. తెలియదని చెప్పడానికి సిగ్గేసింది. "ఎర్కనే. ఏమన్న మర్చిపోయినమేమో చూద్దామని వచ్చిన" అన్నాను. చూసినట్టు అటూ ఇటూ చూసి, స్టేజీకి నడిచి చేవెళ్ల బస్సు ఎక్కాను. ఆ బస్సు కనకమామిడి మీదుగానే వస్తుంది. అక్కడ ఆగింది కూడా. ఎవరో ఇద్దరు దిగారు. నేను దిగలేదు.

సాయంత్రం ఫోన్ చేశాడు. "ఏడున్నవ్? ఇల్లు మార్చిన. మంచిగున్నది, గాలి వస్తది."

ఊరికి వెళ్ళి వచ్చేసరికి ఉన్నచోటనే ఉండే ఇల్లు ఒకటి కావాలి నాకు. ఇంత చిన్న మాటకు ఇంత రాద్ధాంతమా అంటాడని అన్నకు చెప్పలేదు.

జనవరి 20

నా బీరువా తాళం చెవి సంచిలోనే ఉండిపోయింది. పెళ్ళికి ముందు ప్రైవేటు స్కూల్లో మూడేళ్ళు పాఠాలు చెప్పిన జీతంతో కొన్న బీరువా అది. ప్రతి ఇంటికీ మాతోపాటే వచ్చింది. ఇప్పుడు కనకమామిడిలో ఉండి ఉంటుంది. చెవి మాత్రం నా దగ్గర ఉంది, పొరపాటున.

ఫిబ్రవరి 11

వదిన వాళ్ళ అమ్మానాన్న వచ్చారు. నేను హాల్లోంచి వంటింట్లోకి మారాను.

మార్చి 2

పిల్లలకు పరీక్షలు. పొద్దున్నే లేచి వంటింట్లో లైటు వేసుకుని చదువుతారట. నేను వంటింట్లోంచి మేడ మీది రేకుల గదికి మారాను. ఎవరూ పొమ్మనలేదు. జరగమన్నారు, అంతే.

మార్చి 12

ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు బస్సు ఉచితం కదా, మొయినాబాద్ దాకా వెళ్ళి వచ్చాను. పనేమీ లేదు. కనకమామిడి దగ్గర కిటికీ పక్కనే కూర్చుని ఉన్నాను. ఎండ అటువైపు లేదు, అందుకని.

తిరుగు ప్రయాణంలో పెంటమ్మ అనే ఆమె పక్కన కూర్చుంది. యాభై దాటి ఉంటాయి. ఒళ్ళో కాగితంలో చుట్టిన పూలు, ఎరుపూ పసుపూ జెర్బెరాలు, చేవెళ్లలో చుట్టాల పెళ్ళికి తీసుకెళ్తోంది. మొయినాబాద్ దగ్గర ప్లాస్టిక్ కప్పు కింద పూలు పెంచే పాలీహౌస్‌లో పని చేస్తుందట. దిగేలోపు నా పేరు, ఊరు, మొగుడు, కులం, పిల్లలు అన్నీ అడిగింది. ఉన్నవాటికి జవాబు చెప్పాను.

"పనికొస్తవా? ఆడోళ్ళు దొర్కుతలేరు. గా పరమేష్ సారుకు చెప్త" అంది.

చూస్తాను అన్నాను.

మార్చి 18

మొదటి రోజు. పూలు కోయడానికి కత్తెర తీసుకుంటే పెంటమ్మ నా చేతి మీద ఒక్కటి వేసింది.

"కొయ్యద్దు. మొదట్ల పట్టుకొని పక్కకు వంచి లాగాలె. కోస్తే మిగిలిన మోడు కుళ్ళి చెట్టంత ఆగమైతది."

మొదటి పువ్వు లాగడానికి భయమేసింది, చెట్టే ఊడి వస్తుందని. రాలేదు. మధ్యాహ్నానికి మూడు వందలు లాగాను. ఒక్కోదానికి ప్లాస్టిక్ తొడుగు వేసి, పదేసి కట్టలు కట్టి, బకెట్లలో పెట్టాం. చేతులు పచ్చగా అయ్యాయి. ఇంటికి వచ్చి కడుక్కున్నా పోలేదు.

ఏప్రిల్ 9

ఆరింటికే పనిలో ఉండాలి. చేవెళ్ల నుంచి బస్సు అందడం లేదు. సూపర్‌వైజర్ పరమేష్ తోటలో ఖాళీగా ఉన్న క్వార్టరు ఇప్పిస్తానన్నాడు.

అన్నకు చెప్పాను. "నా ఇంట్ల నీకేం తక్వైంది?" అన్నాడు.

తక్కువ కాలేదన్నా అన్నాను. అది నిజమే. 'నా ఇంట్ల' అనే మాట మాత్రం చెవిలో ఉండిపోయింది.

వదిన చాపా, దుప్పటీ, రెండు గిన్నెలూ కట్టి ఇచ్చి బస్టాండు దాకా వచ్చింది. బస్సు కదిలాక వెనక్కి చూశాను. ఆమె గట్టిగా ఊపిరి వదిలి చీర సర్దుకుంటోంది. నాకు కోపం రాలేదు. అజీజ్‌నగర్ దాటాక వచ్చింది.

ఏప్రిల్ 10

పై దాంట్లో తప్పు రాశాను. తోట అజీజ్‌నగర్ కన్నా ముందే వస్తుంది. కోపం కనకమామిడి దగ్గర వచ్చింది.

మే 5

క్వార్టరుకు రెండు కిటికీలు. ఒకదానిలోంచి పాలీహౌస్ తెల్లటి కప్పు కనిపిస్తుంది, ఇంకోదానిలోంచి పక్క ఫామ్‌హౌస్ గోడ. శనివారాలు ఆ గోడ అవతల పట్నంవాళ్ళు పాటలు పెట్టుకుంటారు. పొద్దున ఏడింటికి వాళ్ళు లేవరు. నేను అప్పటికి ఒక వరస పూర్తి చేసి టీ తాగుతూ ఉంటాను. నేను వాళ్ళకంటే గొప్ప అనిపిస్తుంది ఆ కాసేపు.

ప్రతి ఆదివారం ఆనంద్ బాబు ఫోన్ చేస్తాడు. "ఇగ వస్తవా?" అంటాడు. "చూస్త" అంటాను. వస్తానని ఎందుకు అనను, రానని ఎందుకు అనను, నాకే తెలియదు.

జూన్ 17

ఓనరు కొత్త వాచ్‌మన్‌ను పెట్టుకుంటున్నాడు. క్వార్టరు మొగుడూపెళ్ళాలు ఉంటేనే ఇస్తాడట. నెలాఖరుకు నేను ఖాళీ చేయాలి.

జూన్ 18

పరమేష్ పూల బకెట్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అతని భార్య చనిపోయి నాలుగేళ్ళు. బకెట్లోకి చూస్తూ అన్నాడు.

"ఓనర్ జంటకే ఇస్త అంటుండు గద. మీరు ఊ అంటే ఖాళీ చేసే పనే లేదు. మీ సంగతి నాకు ఎర్కనే. కాగితాలయ్యేదాంక ఆగుత, తొందరేం లేదు."

అతను పెళ్ళి మాట మాట్లాడుతున్నాడని తెలియడానికి నాకు కొంచెం సేపు పట్టింది. తొడుగు వేయబోతున్న పువ్వు మెడ విరిగింది.

జూన్ 19

ఆలోచించలేదు.

జూన్ 20

ఆలోచించలేదు. పరమేష్ తాగడు. నన్ను మీరు అంటాడు.

జూన్ 21

రెండు కిటికీలు. మంచి గాలి.

జూన్ 22

నిన్న రాసింది ఇప్పుడు చదివాను. గాలి వస్తది అన్న మాట నాకు ఇంతకు ముందు ఎవరు చెప్పారో గుర్తొచ్చింది. పొద్దున్నే వెళ్ళి పరమేష్‌తో చెప్పాను. క్వార్టరు కోసమే అయితే వద్దు సార్, ఇంకా దేనికోసమన్నా అయితే ఇప్పుడు అడగొద్దు అన్నాను. అతను తల ఊపి, "సరే మేడం. బకెట్ల నీళ్ళు మార్చమనుండ్రి" అని వెళ్ళిపోయాడు. రోజంతా నాకే ఏదో పోగొట్టుకున్నట్టు ఉంది. ఉంది కాబట్టి రాస్తున్నాను.

జూన్ 30

పెంటమ్మ ఇంట్లో ముందు గది కిరాయికి తీసుకున్నాను. మొయినాబాద్, వాటర్ ట్యాంకు వెనక.

"నీ ఇంటికి ఎవలొస్తరో ఎవలు పోతరో నాకు ఫికర్ లేదు. గుమ్మంల చెప్పులు మాత్రం ఇడ్వద్దు, నా కాళ్ళకు తాకి పడ్త" అంది పెంటమ్మ. ఇంతకంటే మంచి ఒప్పందం నా జీవితంలో ఎవరితోనూ కుదరలేదు.

ఒక కిటికీ.

జూలై 14

చాలా నెలల తర్వాత మొయినాబాద్‌లో మా చర్చికి వెళ్ళాను. అందరూ పలకరించారు. సారమ్మ అవ్వ నా చెయ్యి పట్టుకుని, పచ్చ మరకలు చూసి, "ఏం పని బిడ్డా?" అంది. చెప్పాను. "మంచిగున్నది" అంది. ఆమె ఒక్కతే మూడు ప్రశ్నలూ అడగలేదు.

మా చర్చిలో ప్రతి బుధవారం ఒకరింట్లో కుటుంబ ప్రార్థన. అందరూ ఆ ఇంటికి వచ్చి, పాటలు పాడి, ఇంటికోసం ప్రార్థన చేసి, టీ తాగి వెళ్తారు. ఎవరింట్లోనన్నది ఆదివారం ఆరాధన చివర సెక్రటరీ అనంతయ్య గారు చదువుతారు. కొత్త ఇల్లు ప్రార్థన జరిగాకే ఇల్లనిపించుకుంటుంది. నా గదిలో కూడా జరగాలని అనిపించింది. ఎందుకు అంత గట్టిగా అనిపించిందో తెలియదు. అనంతయ్య గారి దగ్గరికి వెళ్ళి అడిగాను. అడ్రసు కూడా చెప్పాను. పెంటమ్మ ఇల్లు, వాటర్ ట్యాంకు వెనక. ఆయన కళ్ళజోడు సవరించుకుని, "రాస్త తియ్యమ్మా" అన్నారు.

ఆగస్టు 4

చదివారు. "బుధవారం సాయంత్రం ఆరు గంటలకు కుటుంబ ప్రార్థన, ఆనంద్ బాబు గారి ఇంట్లో."

ఇంటి మగవాడి పేరే చదవడం అలవాటు. కుటుంబాల పుస్తకంలో మాది నలభై ఆరో నంబరు, ఆనంద్ బాబు, భార్య కృపాజ్యోతి. లేచి అడుగుదామనుకున్నాను. ఆడవాళ్ళు ప్రకటనల మధ్య లేవరు. పేరుదేముంది, వచ్చేది నా ఇంటికే కదా అనుకుని కూర్చున్నాను.

ఆగస్టు 7

పడుకోకముందే రాసెయ్యాలి, రేపటికి నేను దీన్ని వేరేలా చెప్పుకుంటాను.

తెల్లవారుజామునే శనగలు నానబెట్టి వెళ్ళాను. మధ్యాహ్నం సెలవు పెట్టి వచ్చి గుడాలు చేశాను, పెద్ద గంజు నిండా. పెంటమ్మ చుట్టాలింటి నుంచి పది కుర్చీలు తెచ్చింది. చాపలు వేశాను. ఆరైంది. ఆరుంబావు అయింది. పెంటమ్మ, "మీ దేవుడు గూడ బస్సులనే వస్తడా?" అంది.

ఆరున్నరకు ఫోన్. ఆనంద్ బాబు. వెనక పాట వినిపిస్తోంది, డోలక్‌తో సహా.

"అందరు మనింటికొచ్చి కూసున్నరు, ముప్పై మంది. పాట గూడ షురూ అయింది. నాకు ముందు సమజ్ కాలే. నువ్వు పనికాడికెళ్ళి వస్తున్నవని చెప్పిన. ఆటో పంపిన, జల్ది రా. ఏమన్న చేసినవా?"

"గుడాలు."

"ఆటోల పెట్టుకొని రా."

అప్పుడు అర్థమైంది. ఆనంద్ బాబు ఇల్లు మారినప్పుడల్లా అందరికీ కొత్త అడ్రసు కార్డులు పంచుతాడు. పుస్తకంలో నలభై ఆరో నంబరు పక్కన మొయినాబాద్ కొట్టేసి కనకమామిడి రాసి ఉంటుంది. అనంతయ్య గారు నేను చెప్పింది రాసుకోలేదు, పుస్తకంలో ఉన్నది చదివారు. నేను వినీ ఊరుకున్నాను. ముప్పై మంది పాటల పుస్తకాలు పట్టుకుని కనకమామిడి వెళ్ళారు, నేను లేని ఇంట్లో నా ఇంటికోసం ప్రార్థించడానికి.

ఆటో వచ్చింది. గంజు మీద మూత పెట్టి గుడ్డ కట్టాను. పాస్టరు గారు ఉన్నారు, అంత మంది ఉన్నారు, వెళ్ళకపోతే నలుగురిలో అతని పరువు పోతుంది, అతను నన్ను ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. ఇవన్నీ అనుకున్నాను. ఒక కాలు ఆటోలో పెట్టాను. నిజం రాయాలి కదా, పెట్టాను.

ఆటో నడిపేది అబ్బాయి కాదు, నడివయసువాడు. వెనక్కి తిరిగి, "సామానేమన్న ఉన్నదా అక్కా?" అన్నాడు.

కాలు తీశాను.

"పోయి చెప్పు. జ్యోతి ఇల్లు ఈడున్నది, ప్రార్థన ఈడనే అని చెప్పు."

"గట్లనే చెప్పాల్నా?"

"గట్లనే."

ఖాళీ ఆటో వెళ్ళిపోయింది. పెంటమ్మ గంజు మీద గుడ్డ విప్పింది.

ఏడుంబావుకు అదే ఆటో తిరిగి వచ్చింది. సారమ్మ అవ్వ దిగింది, ఒక్కతే. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా మెట్టు ఎక్కింది. "జ్యోతి పిల్సిందని బయలెల్లిన. ఆడ జ్యోతి లేదు. ఇగ ఆడ నాకేం పని?" అంది. పది కుర్చీలు చూసి ఒకదాంట్లో కూర్చుని, "పాట ఎత్తు" అంది.

ముగ్గురం. అవ్వే పాడింది. ప్రార్థన అయ్యాక పెంటమ్మ ఆమేన్ కొంచెం ఆలస్యంగా అంది.

ఆగస్టు 8

గుడాలు పాలీహౌస్‌లో అందరికీ పంచాను. పరమేష్ రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు.

ఆగస్టు 11

ఆరాధన అయ్యాక పాస్టరు గారి గదికి రమ్మన్నారు. పాస్టరు గారు, అనంతయ్య గారు, ఇస్త్రీ చొక్కాతో ఆనంద్ బాబు. కుటుంబాల పుస్తకం బల్ల మీద ఉంది.

"ముప్పై మందిల ఇజ్జత్ పోయింది" అన్నారు అనంతయ్య గారు. "ఆటో ఖాళీ పంపుతరా అమ్మా?"

"నేనేమన్న అన్ననా ఈమెను?" అన్నాడు ఆనంద్ బాబు, నా వైపు చూడకుండా. "ఇల్లు మార్చిన, అంతే. ఈమె కోసమే పెద్దది తీస్కున్న."

అతను అబద్ధం చెప్పడం లేదు. అదే అతనితో వచ్చిన చిక్కు.

నేను పాస్టరు గారితో ఒకటే అడిగాను. పుస్తకంలో నా పేరు వేరే నంబరు కింద రాయండి అని. అనంతయ్య గారు పేజీలు తిప్పి చూపించారు. ఆడవాళ్ళ పేరుతో ఆరు కుటుంబాలున్నాయి. అందరూ భర్తలు పోయినవాళ్ళు. "ఇధవలకైతే రాస్తం. ఈయన మంచిగనే ఉన్నడు గదమ్మా" అన్నారు. మంచిగానే ఉన్నాడు, నిజమే. అన్న పేరు కింద రాయమంటావా అని పాస్టరు గారు అడిగారు. వద్దన్నాను. బయట సారమ్మ అవ్వ విని, "నా నంబర్ కింద రాయుండ్రి, నాకెవ్వరు లేరు" అంది. ఊ అందామనిపించింది. అయినా వద్దన్నాను.

అప్పుడు ఆనంద్ బాబు అన్నాడు. "ఆమె బీరువా నా ఇంట్లనే ఉన్నది. తాళం చెవి ఆమె దగ్గరున్నది. ఇడిసిపెట్టి పోయేటామె చెవి ఎందుకుంచుకుంటది?"

అందరూ నా వైపు చూశారు. సంచి నా ఒళ్ళోనే ఉంది.

ఆగస్టు 12

పొరపాటున కాదు. జనవరిలో అబద్ధం రాశాను. ఎప్పటికైనా తిరిగి వెళ్తాననే ఉంచుకున్నాను. అతను ఒకసారి వచ్చి, ఎక్కడ ఉందాం అని అడిగితే వెళ్ళేదాన్ని. జూన్ దాకా అయితే తప్పకుండా వెళ్ళేదాన్ని. అడగలేదు. ఇంత రాయడానికి ఎనిమిది నెలలు పట్టింది, ఏడుపు మాత్రం ఇప్పుడే వచ్చింది.

ఆగస్టు 15

సెలవు. పెంటమ్మను తీసుకుని ట్రాలీ ఆటోలో కనకమామిడి వెళ్ళాను. ఆ ఇల్లు చూడటం ఇదే మొదటిసారి. గాలి నిజంగానే వస్తోంది. పడకగదిలో కిటికీ పక్కన నా బీరువా ఉంది. కింద తేమ తగలకుండా ఇటుకలు పెట్టించాడు. ఆ ఇటుకలు చూడకుండా ఉంటే బాగుండేది.

"ఏం చేస్తున్నవ్?" అన్నాడు ఆనంద్ బాబు.

"సామాన్లు కడ్తున్న. బండి బయటున్నది."

చెవి పెట్టి తీశాను. చీరలు, సర్టిఫికెట్లు, అమ్మ పాటల పుస్తకం. అన్నీ దుప్పట్లో మూట కట్టాను. బీరువా ఎత్తడానికి నలుగురు కావాలి. డ్రైవరు, పెంటమ్మ, నేను. రెండుసార్లు లేపి దించాం. ఆనంద్ బాబు గుమ్మంలో నిలబడి చూశాడు. మూడోసారి వచ్చి నాలుగో మూల పట్టుకున్నాడు. ట్రాలీలోకి ఎక్కించాక చేతులు దులుపుకున్నాడు. ఎక్కడికని అడగలేదు. నేనే చెప్పాను. మొయినాబాద్, వాటర్ ట్యాంకు వెనక, పెంటమ్మ ఇల్లు.

దారిలో పెంటమ్మ, "మంచోడే ఉన్నట్టున్నడు" అంది. అవునన్నాను.

ఆగస్టు 18

చర్చి గేటు దగ్గరే అనంతయ్య గారు పట్టుకున్నారు. మూడు రోజుల్లో ఊరంతా తెలిసింది.

"బీరువా గూడ తెచ్చుకున్నవంట?"

"తెచ్చుకున్న."

ముప్పై ఏళ్ళుగా ఆ పుస్తకం ఆయన చేతిలోనే ఉంది. నా మాట, పాస్టరు గారి మాట, ఖాళీ ఆటో, ఏదీ ఆయనకు సరిపోలేదు. ఆడమనిషి బీరువా కదిలిందంటే మాత్రం ఇక తిరుగులేదన్నట్టు తల ఊపారు. "ఇగ రాయాల్సిందే" అన్నారు.

గదిలోకి వెళ్ళి రాశారు. ఎనభై మూడో నంబరు, కృపాజ్యోతి. పక్క గడిలో భర్త పేరా, తండ్రి పేరా అని అడిగారు. ఏదీ వద్దన్నాను. ఖాళీ గడి చూస్తే ఆయనకు ప్రాణం ఒప్పలేదు. కాసేపు కలం పట్టుకుని కూర్చుని, ఆ గడిలో కూడా అడ్రసే రాశారు.

సెప్టెంబరు 8

వాన. పాలీహౌస్‌లో ఒక మూల కారుతోంది. బీరువా పెట్టాక గదిలో నడవడానికి అడుగు వెడల్పు దారి మిగిలింది. పక్కకు తిరిగి నడుస్తున్నాను.

ఆదివారమైనా ఫోన్ రాలేదు. పోయిన ఆదివారమూ రాలేదు. చూస్తూ కూర్చోలేదు. ఛార్జింగ్ పెట్టి పక్కనే ఉంచాను.

సెప్టెంబరు 22

చదివారు. బుధవారం సాయంత్రం ఆరు గంటలకు, కృపాజ్యోతి గారి ఇంట్లో, మొయినాబాద్. గారి కూడా అన్నారు.

సెప్టెంబరు 25

ఆరు కాకముందే వచ్చారు. కృపాకర్ అన్నా, వదినా కూడా చేవెళ్ల నుంచి వచ్చారు. వదిన గదంతా చూసి, బీరువా మీద చెయ్యి వేసి, "ఇంక ఒక స్టూల్ పడ్తది ఈడ" అంది. పడదు. కుర్చీలు బయట వేశాం. పెంటమ్మ ముందే హెచ్చరించింది కాబట్టి చెప్పులన్నీ గోడ పక్కన వరసగా పెట్టించాను. సారమ్మ అవ్వ పోయిన సారి కూర్చున్న కుర్చీలోనే కూర్చుంది.

రెండో పాట మధ్యలో ఆనంద్ బాబు వచ్చాడు. పిలవలేదు, కానీ చర్చిలో చదివాక అందరినీ పిలిచినట్టే. చెప్పులు గోడ పక్కన విడిచి, గుమ్మం దగ్గర ఆగాడు. లోపల అందరూ సర్దుకుని కూర్చుని ఉన్నారు. ఎవరూ జరగలేదు. అనంతయ్య గారు పాట పాడుతూనే నా వైపు చూశారు. ఆనంద్ బాబు కూడా నా వైపు చూశాడు.

"యాడ కూసోవాలె?" అని అడిగాడు.

తొమ్మిదేళ్ళు నేను ఎదురుచూసిన ప్రశ్నకు అది దగ్గరి చుట్టమే. పాట ఇంకా ఒక చరణం ఉంది.

బీరువాకూ గుమ్మానికీ మధ్య చాప మీద కొంచెం చోటు ఉంటే చూపించాను. అక్కడే కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. ప్రార్థన అయ్యాక అందరితోపాటే అతనికీ గుడాలు పెట్టాను. తిని, గిన్నె ఎక్కడ పెట్టాలో కూడా అడిగాడు. చెప్పాను. తర్వాత అందరితోపాటే వెళ్ళిపోయాడు.

కుర్చీలు రేపు తిరిగి ఇవ్వాలి.